చిరుతిండ్లకు హద్దు

(మన సంఘపు నెలవారీ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మేము మాటలాడబూనిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. మురుకులు, నిప్పట్లు, మిక్చరు, మైసూరుపాకు, బిస్కత్తులు మొదలగువానిని గూర్చి సభలో ఉపన్యాసమెందులకని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మా యింటివారును నవ్విరి. నవ్వి, “ఉపన్యాసమైన తరువాత సభ్యులకు పంచిపెట్టుటకు ఏమి తెప్పించుచున్నారు?” అని అడిగిరి. ఆ ప్రశ్నకు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. మన సమావేశములందు కాఫీతోపాటు ఒక కారమును, ఒక తీపియు పంచుట ఎన్నో యేండ్లుగా వచ్చుచున్న ఆచారము కదా.

విషయము చిన్నదైనను దాని ఫలము చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున, చెన్నైలోని మధుమేహ పరిశోధకుల నేతృత్వమున జరిగిన అధ్యయనమొకటి 2023లో ప్రకటింపబడినది. మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో నున్నారనియు, మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధి వాకిట నిలిచియున్నారనియు, పెద్దవారిలో నూటికి 35 మందికి రక్తపుపోటు కలదనియు అది అంచనా వేసినది. ఈ లెక్కలు చదువునప్పుడు దూరముగా తోచును. మా యింట అవి దూరమున లేవు. మా అన్నగారు చక్కెరవ్యాధివలన కాలి బొటనవ్రేలు పోగొట్టుకొనిరి. వారి కుమారునకు ముప్పదినాలుగవ యేటనే ఆ వ్యాధి కనిపించినది. మేము రక్తపుపోటునకు మాత్ర మ్రింగుట ఆరంభించి పదునొకండేండ్లయినది. మీ యిండ్లలో ఇట్టి కథ లేని యిల్లు ఎన్ని కలవో మీరే ఎంచుకొనుడు.

ఇట్లనుటచే చిరుతిండియే సర్వరోగములకు మూలమని మేము చెప్పుట లేదు. వంశము, వయస్సు, నడక లేకుండుట, నిద్ర చాలకుండుట, పొగాకు, ఇవన్నియు అందు పాలుగలవే. వంశమును మార్చుట మన వశము కాదు. చేతిలోని పొట్లమును క్రింద పెట్టుట మన వశము. అందుచేత దానిని గూర్చి మాటలాడుచున్నాము.

“మా తాతగారు దినమును బెల్లపుముక్క తిని తొంబదియేండ్లు బ్రదికిరి” అని చెప్పువారు ప్రతి సభయందును ఒకరుందురు. ఆ మాట నిజమే కావచ్చును. మన పెద్దలు పిండివంటలు తినకపోలేదు; మనకంటె రుచిగా చేసికొని తినిరి. కాని వారి తిండికి హద్దులుండెను. మనకు తిండి మిగిలి హద్దులు పోయినవి. మేము నేడు చెప్పదలచినదంతయు ఈ యొక్క మాటయే.

తిరువళ్ళూరి వీరరాఘవస్వామివారి స్థలపురాణమును మనలో పెక్కురు చిన్ననాటనే వినియున్నారు. శాలిహోత్ర మహర్షి ఏడాది పొడుగున ఉపవసించి, బియ్యము సేకరించి, పిండిచేసి, స్వామికి నివేదించి, అతిథికై ఎదురుచూచెను. వృద్ధుడొకడు వచ్చి తనకిచ్చిన భాగమును తిని, ఇంకను ఆకలి తీరలేదనెను. మహర్షి తనకై ఉంచుకొన్న భాగమును కూడ ఇచ్చివేసి, మరల ఉపవాసమునకు పూనుకొనెను. ఆ వృద్ధుడు స్వామియే. ఈ కథను మనము భక్తికై చెప్పుకొందుము. అందలి వరుసను కూడ చూడుడు. పిండి మొదట దేవునిది, తరువాత అతిథిది, మిగిలినచో తనది. మన పిండివంటలన్నియు ఈ వరుసలో పుట్టినవే. నేడు ఆ వరుస తలక్రిందులైనది. మొదట మనము తిని, అతిథి వచ్చినప్పుడు డబ్బా అడుగున మిగిలిన పొడిని చూచి, అంగడికి పరుగెత్తుచున్నాము.

రెండవ హద్దు శ్రమ. మా చిన్ననాట మా తల్లి నిప్పట్లు చేయవలెనన్న, బియ్యము నానబెట్టి, నీడన ఆరవేసి, దంచి, జల్లించి, కట్టెలపొయ్యి యెదుట సగము దినము కూర్చుండవలసి యుండెను. అంత కష్టపడి చేసినదానిని దినమును చేయుట ఎవరికి సాధ్యము? చేసినవానిని రేకుడబ్బాలో పోసి, డబ్బాను అటకమీద పెట్టి, నిచ్చెనను పెరటిలో ఉంచెడిది. మేము నలుగురము పిల్లలము. నిచ్చెన మోసికొని వచ్చుటకు ఇద్దరు కావలెను; మూడవవాడు తప్పక తల్లికి చెప్పెడివాడు. ఆమెకు పోషణశాస్త్రము తెలియదు. అయినను, కంటి యెదుట లేనిదానిపై కోరిక తగ్గుననియు, చేతికందునదే నోటికందుననియు ఆమె యెరుగును.

మూడవ హద్దు తిథి. దీనియందు మన ప్రాంతపు తెలుగువారి స్థితి కొంత ప్రత్యేకమైనది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి, చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు చేరినది. సరిహద్దు మారినది గాని చుట్టరికములు మారలేదు. నగరినుండి, పుత్తూరునుండి సారె వచ్చుచునే యున్నది; ఇక్కడినుండి పోవుచునే యున్నది. రెండువైపుల పండుగలును మనవైనవి. సంక్రాంతి అరిసెలు మనవే, గోకులాష్టమి శీడైలు మనవే. వినాయకచవితి కుడుములు మనవే, కార్తిక దీపమునాటి పొరిఉండలు మనవే. ఇది మన భాగ్యము. అయితే పూర్వము ప్రతి పిండివంటకును ఒక తిథి యుండెను. ఆ తిథి దాటినచో మరుసటి యేటివరకు దాని మాట లేదు. నేడు అంగడిలో అన్నియు అన్ని దినములందును దొరకును. రెండు పంచాంగముల పిండివంటలు మన యింట చేరినవి గాని, వానిని నిలువరించు తిథి యొక్కటియు మిగులలేదు.

ఇక మా స్వానుభవము మనవి చేసెదము. ఉద్యోగార్థము మేము ఇరువదిరెండేండ్లు తిరుత్తణినుండి చెన్నైకి లోకలుబండిలో పోయి వచ్చినవారము. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచుట; మధ్యాహ్నము పన్నెండున్నరకు డబ్బాలోని పులిహోరయో, పెరుగన్నమో తినుట; సాయంకాలము ఆరింటికి బండి యెక్కుట. తిరువళ్ళూరు దాటునప్పటికి ఒక పొట్లము మిక్చరు ముగిసెడిది. అరక్కోణము చేరునప్పటికి రెండవది విప్పెడివారము. ఇల్లు చేరిన పిదప అన్నము సహింపదు. రాత్రి పదింటికి మరల ఆకలి. అప్పుడు రెండు బిస్కత్తులు, ఒక తీపి. ఇది నాలుక చాపల్యమని మమ్ము మేమే ఎన్నోమారులు నిందించుకొంటిమి. తిరుత్తణి కొండమెట్లు 365ను ఎక్కి, ఇకపై కారమును ముట్టమని స్వామి సన్నిధిని ఒట్టుపెట్టుకొన్న దినమును కలదు. ఆ ఒట్టు పందొమ్మిది దినములు నిలిచినది. ఇరువదవనాడు బంధువుల యింట వివాహమున, పందొమ్మిది దినముల బాకీ నంతయు ఒక్కపూటలో తీర్చుకొంటిమి.

అటుపిమ్మట వైద్యులొకరు మాకొక చిన్న పని చెప్పిరి. “ఏమి తినుచున్నారో తరువాత చూతము, ఏ వేళ తినబుద్ధి పుట్టుచున్నదో వారము దినములు వ్రాసికొని రండి” అనిరి. వ్రాసిచూడగా సంగతి బయటపడినది. మాకు కోరిక పుట్టునది మధ్యాహ్న భోజనమైన అయిదారు గంటలకు. మరల నిద్ర చాలని దినములందు. అది సగము నాలుక కోరిక, సగము నిజమైన ఆకలి. అన్నమెక్కువగా, పప్పును కూరయు తక్కువగా నున్న భోజనమునకు ఆకలి త్వరగా మరలివచ్చుట సహజము. ఆకలిగొన్నవాని చేతికి ఉప్పును నూనెయు కలిసిన కరకరలాడు పదార్థమిచ్చి, రెండింటితో ఆపుమనుట న్యాయము కాదు.

తీపియందలి ప్రీతి మనకు పుట్టుకతో వచ్చినది. తల్లిపాలు తియ్యగా నుండును. ఉప్పు శరీరమునకు అవసరమైనదే. కావున ఈ రెండింటిని కోరుట పాపము కాదు. అయితే నేటి కార్మాగారముల పొట్లములందు పిండి, నూనె, ఉప్పు, చక్కెర తినుచున్నకొలది తినవలెననిపించునట్లు కూర్పబడుచున్నవి. అమెరికా దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలవారు 20 మంది పెద్దలకు రెండు వారములు ఇట్టి ఆహారమును, రెండు వారములు ఇంటివంటవంటి ఆహారమును, కావలసినంత తినుడని పెట్టిచూచిరి. పొట్లపు ఆహారము తిన్న దినములందు వారు సగటున దినమునకు 500 కెలరీలు అధికముగా తినిరని 2019లో ప్రకటించిరి. మనుష్యులు వారే; ఆకలి అదే; పదార్థము మాత్రము మారినది.

ఎంత తినవచ్చునను ప్రశ్నకు ఇప్పుడు వత్తము. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. వారు 2024లో వెలువరించిన ఆహార సూత్రములను బట్టి, పెద్దవారికి దినమునకు ఉప్పు 5 గ్రాములు, పైనుండి చేర్చిన చక్కెర 25 గ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పునదియు ఇంచుమించు ఇదియే. 5 గ్రాముల ఉప్పనగా ఒక చిన్నచెంచాడు. కూర, చారు, పచ్చడి, ఊరగాయ, అప్పడము, చిరుతిండి, అన్నియు కలిసి ఈ చెంచాలో ఇమడవలెను. మన దేశమున సగటున మనిషి 8 గ్రాముల మేరకు తినుచున్నాడు. చక్కెర విషయము చూడుడు. దినమునకు నాలుగుమారులు కాఫీయో టీయో త్రాగి, ప్రతిమారును రెండు చెంచాల చక్కెర వేసికొన్నచో ఎనిమిది చెంచాలు, అనగా 32 గ్రాములకు తక్కువ కాదు. తీపివస్తువు నోట పెట్టకముందే హద్దు దాటితిమి.

అంగడి పొట్లముపై సోడియము ఎంతయో అచ్చువేయుదురు. దానిని రెండున్నరచే హెచ్చించిన ఉప్పు తేలును. 100 గ్రాములలో 800 మిల్లీగ్రాముల సోడియమున్నదనిన, 2 గ్రాముల ఉప్పున్నదని అర్థము. మన బిడ్డలకు లెక్కలు వచ్చును. ఈ లెక్కను వారిచేత చేయించుడు. వారు చేసిన లెక్కను మనకంటె వారే యెక్కువ నమ్ముదురు.

ఇక మేము చేసినదేమి? మొదట మధ్యాహ్నపు డబ్బాను మార్చితిమి. అన్నము కొంత తగ్గించి, పప్పు, కూర, అలసందలో పెసలో చేర్చితిమి. రెండవది, ఆరింటికి బండి యెక్కకముందే, ఆకలి ముదరకముందే, ఉడికిన శనక్కాయలో, గుగ్గిళ్ళో, వేయించిన శనగలో ఒక పిడికెడు తినుట అలవరచుకొంటిమి. మూడవది, ఇంట మా తల్లి పద్ధతినే పునరుద్ధరించితిమి. డబ్బా మరల అటక యెక్కినది. ఆదివారము సాయంకాలము ఇంటివారందరును కూర్చున్నప్పుడు మాత్రము అది దిగును. ఎవరికి కావలసినంత వారి చిన్న గిన్నెలో పెట్టి, మూతవేసి, తరువాత కూర్చుండి తిందుము. పొట్లములో చేయిపెట్టి తినుటకు అంతము లేదు. గిన్నెకు అడుగు కలదు. నాలుగవది, టీలో చక్కెరను వారమునకు పావుచెంచా చొప్పున తగ్గించుచు వచ్చితిమి.

మొదటి నెల కష్టముగనే యుండెను. కూరలో ఉప్పు తక్కువైనదని మేమే కోపించిన దినములు కలవు. అయితే నాలుక మనము తలచినంత మొండిది కాదు. ఉప్పును క్రమముగా తగ్గించినవారికి రెండు మూడు నెలలలో ఆ తక్కువ ఉప్పే చాలినదిగా తోచునని పరిశోధకులు కనుగొనిరి. మాకును అట్లే జరిగినది. మూడవ నెలలో బంధువుల యింట మిక్చరు నోట వేసికొనగా, ఇంత ఉప్పును ఇన్నేండ్లు ఎట్లు తింటిమో యని ఆశ్చర్యపడితిమి. కాని ఒక సంగతి. ఇంటిలో ఒక్కరు మానుట, మిగిలినవారు వారి యెదుట తినుట, ఇది జరుగు పని కాదు. ఇల్లంతయు కలిసి తగ్గించవలెను.

ఉగాదినాడు మనము ఆరు రుచులను నోట పెట్టుకొందుము. తీపి, ఉప్పు అందు రెండు మాత్రమే. మిగిలిన పులుపు, కారము, చేదు, వగరు ఏమైనవి? సంవత్సరమున ఒక్కదినము వానికి నమస్కరించి, 364 దినములు ఈ రెండింటినే కొలుచుచున్నాము. నోటికి ఏదో కావలెననిపించినప్పుడు, అది తప్పక మురుకే కానక్కరలేదు. అల్లము, కరివేపాకు దంచివేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసము పిండిన దోసకాయ ముక్కలు, జామకాయ, ఒక ఉసిరికాయ, భోజనములో వేపపూవు చారు, కాకరకాయ, ఇవి నాలుకకు పనియిచ్చును, హానిచేయవు. ఉప్పు తక్కువైనచోట పులుపు దానిని చాలవరకు కప్పివేయును.

కొన్ని హెచ్చరికలు చెప్పక తప్పదు. చక్కెర మాని బెల్లము, తాటిబెల్లము, తేనె తిన్నచో మధుమేహమునకు మంచిదని మనలో పలువురు నమ్ముచున్నారు. రక్తములో చేరిన పిదప వానికిని చక్కెరకును భేదము స్వల్పము. తిరువళ్ళూరి కోనేట వ్యాధినివారణకై బెల్లము కరగించు ఆచారము కలదు. వైద్య వీరరాఘవునికి అర్పించిన బెల్లము మన రక్తమున చేరదు కనుక ఆ విధమున అది నిజముగా మంచిదే. వేయించిన నూనెను మరల మరల కాచుట హానికరము. మాడిన నూనెను మరల బాండిలో పోయకుడు. ఇన్సులినుగాని, చక్కెరను తగ్గించు మాత్రలుగాని వాడువారు మా మాట విని భోజనము మానరాదు. చక్కెర పడిపోయి చెమటలు, వణకు వచ్చినప్పుడు తీపియే మందు, వెంటనే తినవలెను. సోడియము తక్కువ గల ఉప్పులలో పొటాసియము ఉండును. మూత్రపిండముల వ్యాధి గలవారు, రక్తపుపోటు మాత్రలు వాడువారు వైద్యునడిగియే వానిని వాడవలెను.

మా మనస్సునకు కష్టమైన మాట చివరకు వచ్చినది. మన యిండ్లలో, బడిలో తెలుగక్షరము దిద్దని బిడ్డలును అరిసె, కజ్జికాయ, బొరుగుల ఉండ అను మాటలెరుగుదురు. కొందరు మనుమలకు అవ్వతో మిగిలిన తెలుగు వంటింటి తెలుగే. అట్టి అవ్వ చేసిపెట్టిన అరిసెను మనుమరాలు వద్దనిన, ఆమె తన్నే వద్దన్నట్లు బాధపడును. మా యింట ఇది జరిగినది. గత సంక్రాంతికి మా వదినగారు తన కుమారునకు వ్యాధి వచ్చిన యేడు, అరిసెలు చేయుటయా మానుటయా యని వంటింట నిలిచి కంటతడి పెట్టిరి. చివరకు చేసిరి, ఏటేట చేసినంత గాక ఇరువదియొక్కటి చేసిరి. దేవునికి నివేదించి, ఇంటివారికి తలకొకటి పెట్టి, మిగిలినవి ఇరుగుపొరుగునకు పంపిరి. ఆమె కుమారుడు సగము తిని, సగము తల్లికిచ్చెను. ఆ సంవత్సరపు అరిసెంత రుచిగల అరిసెను మేము తినలేదు.

కావున పిండివంటలను ఇంటినుండి వెడలగొట్టుడని మేము చెప్పము. వానిని వాని తిథికి, వాని వరుసకు మరల చేర్చుడని మాత్రమే చెప్పుచున్నాము. అరిసె సంక్రాంతిదై, శీడై అష్టమిదై, డబ్బా ఆదివారముదై యుండనిండు. సారె పంపువారు తట్టల సంఖ్య తగ్గించి, పండ్లు చేర్చిన చుట్టరికము తగ్గదు.

మా యింటివారి ప్రశ్నకు ఇప్పటికి సమాధానము దొరకినది. నేడు ఈ సభ ముగిసిన తరువాత మీకు పంచబోవునది పోపుపెట్టిన శనగల గుగ్గిళ్ళును, అల్లపు మజ్జిగయును. కాఫీ కావలసినవారికి చక్కెర వేరుగా ఉంచితిమి. ఎవరి చెంచా వారి చేతిలోనే యుండును. ఇకమీదటి నెలవారీ సమావేశములకును ఇదే పద్ధతి నుంచి, ఉగాది, సంక్రాంతి సభలకు మాత్రము పిండివంట పెట్టవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. గుగ్గిళ్ళలో ఉప్పు చాలలేదని తోచిన పెద్దలు మమ్ము క్షమించి, మూడు నెలలు ఓపికపట్టి, అప్పుడు మరల ఆ మాట చెప్పవలెనని ప్రార్థన.